ఆరా టీచరమ్మ హాజరు

ఆ బడిలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. పిల్లలు, పిల్లల తల్లులు, గేటు దగ్గర పెన్నులమ్మే ముసలాయన, ఆఖరికి సాటి టీచర్లు కూడా వెనకాల ‘ఆరా టీచరమ్మ’ అనే అనేవారు. ముందు మాత్రం మేడం. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం అని లోకం ఊరికే అనదు. పిల్లవాడు తుమ్మితే అది జలుబు తుమ్మా, సుద్దపొడి పీల్చి తెచ్చుకున్న తుమ్మా అని ఆరా. కడుపునొప్పి అంటే ఏ పక్క అని ఆరా. కుడిపక్క అన్నవాణ్ణి కాసేపాగి మళ్ళీ అడిగేది. ఎడమపక్క అన్నాడా, వాడి పని అయిందే.

ఈ గుణం ఆవిడకి తండ్రి నుంచి వచ్చింది. ఆయన తూనికలూ కొలతలూ తనిఖీ చేసే ఉద్యోగి. దుకాణంలో అడుగుపెట్టగానే సరుకు చూసేవాడు కాదు, తక్కెడ పళ్ళెం ఎత్తి దాని అడుగున ఏం అంటించారో చూసేవాడు. ఇంటికొచ్చిన ప్రతి పొట్లాన్నీ మళ్ళీ తూచేవాడు. “ఎవరైనా నీతో తియ్యగా మాట్లాడితే, ఇందులో లాభం ఎవరికి అని ముందు అడుగు తల్లీ. లాభం ఎవరిదో తెలిస్తే అబద్ధం ఎవరిదో తెలుస్తుంది” అని కూతురికి నూరిపోశాడు. కూతురు ఆ మాటని పలక మీద రాసుకున్నట్టు కాదు, రాతి మీద చెక్కుకున్నట్టు పెట్టుకుంది.

పెళ్ళి సంబంధం వచ్చినప్పుడూ అదే వరస. అబ్బాయి తాళాలు బాగుచేస్తాడు, నెమ్మదస్తుడు, అబద్ధమాడడు అని మధ్యవర్తి చెబితే, “అన్ని తాళాలూ తియ్యగలిగినవాడికి అబద్ధమాడాల్సిన అవసరమేముంది?” అందిట. ఆ మాట విని అబ్బాయి పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో మోసం కనపడక చేసుకుంది.

అత్తవారింట్లో ఇద్దరు అత్తయ్యలు. ఒకరు మొగుడి తల్లి, ఇంకొకరు ఆ తల్లికి అక్క. చిన్నప్పుడే ఒంటరిదై చెల్లెలి పంచన చేరిన పెద్దావిడ. ఇద్దరూ ఒకే పొట్టి, ఒకే గొంతు, ఒకే మొండితనం. “అత్తయ్యా, పొయ్యి మీద పాలు చూడండి” అంటే నిన్నంటోందని ఈవిడా, నిన్నంటోందని ఆవిడా, ఇద్దరూ కదిలేవారు కాదు. పాలు పొంగి పొయ్యి పాలయ్యేవి. “అత్తయ్యా, టీ” అంటే మాత్రం రెండు చేతులు ఒక్కసారే ముందుకొచ్చేవి. ఆవిడ ఆ ఇంట్లో ఎన్నేళ్ళు కాపురం చేసినా ఈ చిక్కు తీరలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆవిడ మాత్రం గుర్తుపెట్టుకోవలసిన రోజున మరిచిపోయింది.

బడిలో హాజరు తీసే పద్ధతి కూడా ఆవిడది ఆవిడదే. మిగతా తరగతుల్లో పిల్లలు ‘ఉన్నాను సార్’ అంటారు. ఆవిడ తరగతిలో ‘వచ్చాను’ అనాలి. అదీ లేచి నిలబడి, ముఖం కనపడేలా.

“ఉన్నాను అని ఎవరైనా అంటారు. గోడ కూడా ఉంటుంది, బల్ల కూడా ఉంటుంది. వచ్చాను అనాలంటే కాళ్ళు అరగదీసుకుని నడిచి రావాలి” అనేది. ఒకరి బదులు ఇంకొకరు పలకడం ఆవిడ దగ్గర కుదిరేది కాదు. గొంతు ఒకటి, ముఖం ఒకటి అయితే అక్కడే పట్టేసేది.

అయితే ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆవిడ ఆరాకి మేలు ముఖం కూడా ఉండేది. ఒక పిల్ల చెయ్యి ఎప్పుడూ జేబులోనే పెట్టుకుంటుంటే ఏదో దాస్తోందని పట్టుకుని లాగితే, అరచెయ్యంతా కాలిన పుండు. ఆ పిల్లని అప్పటికప్పుడు ఆసుపత్రికి నడిపించింది కూడా ఈవిడే. చెప్పుల్లేని కాళ్ళూ, ఖాళీ డబ్బాలూ, కొత్తగా కళ్ళు చికిలించే చూపులూ అందరికంటే ముందు ఆవిడకే కనపడేవి. అనుమానించడానికైనా మనిషిని చూడాలి కదా. చాలామంది అదీ చూడరు.

ఇలా ఉండగా పైఆఫీసు నుంచి ఆ ఉత్తర్వు దిగింది. హెడ్మాస్టరు టీచర్లందరినీ కూర్చోబెట్టి, అద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని చదివాడు. ఇకనుంచి ఏ తరగతిలో హాజరు నూటికి తొంభై కంటే తగ్గుతుందో ఆ తరగతి టీచరు జీతంలో కోత. ఏడాది లెక్క వార్షిక పరీక్షలకు ముందు నెలాఖరుతో ముగుస్తుంది. ఆ తర్వాత పరీక్షల దాకా ఎవరు వచ్చినా రాకపోయినా జీతాలకు సంబంధం లేదు.

గదిలో ఎవరూ టీ ముట్టుకోలేదు. ఆరా టీచరమ్మ మాత్రం, “ఇందులో లాభం ఎవరికి?” అంది.

“లాభం ఎవరికైనా కానీండి మేడం, నష్టం మనకే” అన్నాడు నవ్వుల మాస్టారు. పక్క తరగతి చెప్పే మనిషి. చావుకబురు చెప్పినా నవ్వుతూనే చెబుతాడు. అందుకే ఆయనంటే ఆవిడకి మొదటినుంచీ గురి లేదు.

ఆ రోజుతో బడి గాలి మారిపోయింది. టీచర్లు ఒకరి కిటికీలోంచి ఒకరు తొంగిచూసుకోవడం మొదలుపెట్టారు. ఎవరి తరగతిలో ఎందరున్నారు, లేనివాళ్ళని కూడా ఉన్నట్టు వేస్తున్నారా అని చూపులు. పిల్లల చెవులు పాముచెవులు, వాళ్ళకి రెండు రోజుల్లో తెలిసిపోయింది. వాళ్ళ నోటినుంచి తల్లులకి తెలిసింది. లెక్కలు చెయ్యనందుకు ఆవిడ ఒకణ్ణి మందలిస్తే, వాడు తల గోక్కుంటూ, “రేపు నేను రాకపోతే మీకెంత పోతుంది టీచర్?” అని అడిగాడు. పొగరుతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే. ఆవిడకి తలకొట్టేసినట్టయింది. అప్పటిదాకా ఆవిడ పిల్లల్ని అనుమానించేది. ఇప్పుడు పిల్లలు ఆవిడని అనుమానిస్తున్నారు. కొత్తగా ఉంది, బాగాలేదు.

ఇంట్లో పరిస్థితి కూడా అంతంతమాత్రం. తాళంచెవి అక్కర్లేని, అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాలు వచ్చిపడ్డాక మొగుడి దుకాణానికి వచ్చేవాళ్ళు తగ్గారు. పెద్దత్తయ్య కంటికి శస్త్రచికిత్స చేయించాలి. ఆ ఇల్లు నడిచేది టీచరమ్మ జీతం మీద. జీతం నడిచేది పిల్లల కాళ్ళ మీద. దాంతో ఆవిడ ఆరా పదునెక్కింది. జ్వరం అన్నవాడి నుదురు ముట్టుకుని చూసేది. పెళ్ళికెళ్ళాం అంటే ఎవరి పెళ్ళి, పెళ్ళికూతురు నీకేమవుతుంది, ఏ రంగు చీర అని గుచ్చిగుచ్చి అడిగేది.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. జడలో ఎప్పుడూ పెన్సిలు గుచ్చుకుని తిరిగేది కాబట్టి అందరూ ‘పెన్సిలు’ అనేవారు. బస్సుల డిపో వెనక ఇల్లు. తల్లి డిపోలో బస్సులు కడుగుతుంది, తండ్రి లారీ మీద దూరాలు తిరుగుతాడు. లెక్కల్లో చురుకైన పిల్ల. భిన్నాలు చెబుతుంటే కళ్ళు మెరిసేవి. అలాంటిది వరసగా కొన్నాళ్ళు రాలేదు. వచ్చిన రోజున టీచరమ్మ హాజరు దగ్గరే ఆపేసింది.

“ఇన్నాళ్ళూ ఏమైపోయావ్?”

“అమ్మమ్మ పోయింది టీచర్.”

టీచరమ్మ పెదవి వంకర తిరిగింది. ఆవిడ జ్ఞాపకం మామూలు జ్ఞాపకం కాదు. నిరుడు వేసవి సెలవులకి ముందు ఇదే పిల్ల, ఇదే బల్ల దగ్గర నిలబడి, ఇదే మాట చెప్పింది. అప్పుడు నమ్మింది కూడా.

“నిరుడు పోయిన అమ్మమ్మేనా? మళ్ళీ పోయిందా?” అంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నోరు ఆగలేదు. “ఎన్నిసార్లు పోతుందే మీ అమ్మమ్మ? మీ డిపోలో బస్సా, పొద్దున్నే పోయి సాయంత్రానికి తిరిగి రావడానికి?”

తరగతి గొల్లుమంది. వెనకబల్ల వాళ్ళు బస్సు హారను మోగించారు. పిల్ల ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. కూర్చునేటప్పుడు జడలోంచి పెన్సిలు కిందపడితే వంగి తీసుకోలేదు. టీచరమ్మ అదీ చూసింది. చూసి, దొరికిపోయిందని సిగ్గుపడుతోంది అనుకుంది.

మర్నాటి నుంచి పిల్ల రావడం మానేసింది.

రోజులు గడిచేకొద్దీ టీచరమ్మ అనుమానం పెనుభూతమైంది. తల్లితో కలిసి బస్సులు కడగడానికి పోతోందేమో. లేకపోతే ఎవరింట్లోనో పనికి పెట్టేశారేమో. ఆ పిల్ల పేరు దగ్గరికొచ్చేసరికి రోజూ ఒక ఖాళీ. అప్పటికే జ్వరాల కాలంలో ఆవిడ తరగతి హాజరు దెబ్బతిని ఉంది. ఇప్పుడు తొంభై గీతకి వెంట్రుకవాసి కిందికి జారింది.

పక్కనే నవ్వుల మాస్టారి తరగతి మాత్రం రోజూ నిండుగా ఉంటోంది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం కాదు కదా ఈవిడ. దొంగ హాజరు వేస్తున్నాడని నిర్ధారణ చేసుకుని, సుద్దముక్క కావాలనే వంకతో వెళ్ళి కిటికీలోంచి చూసింది. బల్లలన్నీ నిండుగానే ఉన్నాయి. ఒక్క చోటు ఖాళీ లేదు. పిల్లలు నిజంగా వచ్చారు. ఆవిడకి ఆ రోజు కాఫీ సయించలేదు. అనుమానం తప్పయితే కలిగే బాధ, అనుమానించే అలవాటున్నవాళ్ళకే తెలుస్తుంది.

తిరిగొస్తూ వరండా చివర, చీపుళ్ళ గది పక్కన, బల్లలు బోర్లాపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండడం చూసింది. దగ్గరికెళ్ళి ఒకదాన్ని ఊపి చూసింది. గట్టిగా ఉంది.

“అవి విరిగిపోయాయి మేడం” అంటూ వెనకనుంచి నవ్వుల మాస్టారు వచ్చాడు.

“ఏదీ, ఎక్కడ విరిగింది?”

మాస్టారు తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. మొదటిసారి ఆ ముఖంలో నవ్వు లేదు. మెల్లిగా చెప్పాడు. సరిగ్గా రాని పిల్లల ఇళ్ళకి వెళ్ళి, వచ్చే ఏడు మళ్ళీ చేర్చుకుందాం లెండి అని చెప్పి పేర్లు కొట్టేశాడట. పేర్లు పోయాక వాళ్ళ బల్లలు ఖాళీగా కనపడకూడదని బయట పెట్టించాడట. తరగతి నిండలేదు, తరగతే కుంచించుకుపోయింది.

“నాకూ పిల్లలున్నారు మేడం” అన్నాడు.

“మీరు పేర్లు కొట్టేసినవాళ్ళూ పిల్లలేగా” అంది ఆవిడ. ఆయన మీద కోపం రావలసినంత రాలేదు. దానికే ఆవిడకి భయం వేసింది.

ఎందుకంటే ఆ ముందురోజే హెడ్మాస్టరు ఆవిడని పిలిచి ఇదే దారి చూపించాడు. “ఆ డిపో పిల్ల ఒక్క పేరు కొట్టెయ్యండి మేడం, మీ తరగతి గట్టెక్కుతుంది. నెలాఖరు దగ్గరకొచ్చేసింది. మీరు సంతకం పెడితే చాలు” అన్నాడు. పేరు కొట్టేస్తే ఆ పిల్లకి వార్షిక పరీక్ష లేదు. ఏడాది చదువు గంగలో కలిసినట్టే. పై ఏడు మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు, చెప్పేవాడికి అసలే లేదు. పేరు ఉంచితే టీచరమ్మ జీతంలో కోత. ఉన్నది ఈ రెండు దారులే. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చింది. వరండాలో బోర్లాపడి ఉన్న బల్లలు చూశాక ఆలోచన ఆగిపోయింది. ఆ సాయంత్రమే డిపో వైపు నడిచింది.

డిపో గోడ వెనక ఒకటే గది. గుమ్మం బయట తడి రబ్బరు బూట్లు. తీగ మీద డిపోవాళ్ళిచ్చిన నీలం కోటు నీళ్ళోడుతోంది. గోడ అవతల బస్సు ఇంజను మోగినప్పుడల్లా కిటికీ రెక్కలు వణుకుతున్నాయి. తలుపు తీసిన ఆవిడ చేతులు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. టీచరమ్మని చూడగానే ఆవిడ ముఖం బిగుసుకుంది. రమ్మనలేదు. అలాగని తలుపూ వెయ్యలేదు.

“జీతం కోసం వచ్చారా?” అంది పెన్సిలు తల్లి.

టీచరమ్మకి చురుక్కుమంది. “పిల్ల కోసం వచ్చాను. ఎందుకు రావడం లేదో కనుక్కుందామని.”

“మా అమ్మాయి వస్తే మీకు లాభం కదా. లోకమంతా చెప్పుకుంటోంది.”

“అలా అయితే పేరు కొట్టేస్తే నాకు ఇంకా లాభం. హెడ్మాస్టరు అదే చెయ్యమంటున్నాడు.”

తల్లి కళ్ళు చిన్నవయ్యాయి. “మరి కొట్టెయ్యక ఇంత దూరం ఎందుకు నడిచొచ్చారు? ఇందులో ఇంకేదో ఉంది. ఇందులో మీకేమిటి లాభం?”

తన నోట్లో మాట ఇంకొకరి నోట్లోంచి వచ్చి ముఖాన కొడితే ఎలా ఉంటుందో టీచరమ్మకి అప్పుడు తెలిసింది. అలవాటు కొద్దీ కళ్ళు గదిలో తిరిగాయి. ఆ మూల పిల్ల గోడకేసి తిరిగి కూర్చుంది, వెనక్కి చూడలేదు. జడలో పెన్సిలు లేదు. గోడవారగా చుట్టిపెట్టిన పరుపులు రెండు. కిటికీ గూట్లో కళ్ళజోళ్ళు రెండు, ఒకదాని పక్కన ఒకటి, మడిచిపెట్టి.

“ఆ కళ్ళజోళ్ళు ఎవరివి?” అంది.

“మా అమ్మాయి అమ్మమ్మలవి.”

“అమ్మమ్మలేంటి?”

“మా అమ్మది ఒకటి, మా పిన్నిది ఒకటి. ఇద్దరూ ఇక్కడే ఉండేవాళ్ళు. అమ్మ నిరుడు వేసవిలో పోయింది. పిన్ని మొన్న పోయింది.” ఆవిడ గొంతు వణకలేదు. వణికితే బాగుండు అనిపించింది టీచరమ్మకి. “పిల్లకి ఇద్దరూ అమ్మమ్మలే. మా పిన్నిని అమ్మమ్మ అనక ఇంకేమంటుంది? మీరైతే ఏమంటారు? నేను డిపోకి పోతే దీన్ని పెంచింది ఆవిడే. రోజూ బడి గేటు దాకా తీసుకొచ్చింది ఆవిడే. అలాంటి మనిషి పోతే, మీరు బస్సు అన్నారట.”

టీచరమ్మ గుమ్మం పట్టుకుంది. ఇంట్లో ఇద్దరు అత్తయ్యల్ని పెట్టుకుని, రోజూ పాలు పొంగించుకునే మనిషి. ఏ అమ్మమ్మ అన్న ఒక్క మాట అడిగితే సరిపోయేది. పుట్టాక ఇన్ని ప్రశ్నలు అడిగింది, అడగాల్సిన ఒక్కటీ అడగలేదు. ఆరా తియ్యడం వేరు, అడగడం వేరు అని ఆవిడకి ఆ గుమ్మంలో తెలిసొచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

“తప్పయిపోయింది. అది నాకు తెలీదు” అంది.

“ఇది కూడా జీతం కోసమేనేమో. ఎలా నమ్మమంటారు?”

“నేనైనా నమ్మను” అంది టీచరమ్మ. ఆ మాట నిజం. బహుశా ఆ సాయంత్రం ఆవిడ అన్న మాటల్లో తల్లికి నిజమనిపించింది అదొక్కటే.

తల్లి తలుపు మీద చెయ్యేసి, “మీ జీతాల లెక్క ఎప్పుడు ముగుస్తుంది?” అని అడిగింది.

“నెలాఖరుకి.”

“అయితే అది దాటాక రండి. అప్పుడు మా పిల్ల వచ్చినా రాకపోయినా మీకు ఒరిగేదేమీ ఉండదు కదా. అప్పుడు కూడా వస్తే మాట్లాడదాం. అప్పటిదాకా దీన్ని పంపను.” తలుపు మెల్లిగా మూసుకుంది.

తండ్రి బతికుంటే ఆ తల్లికి చేతులెత్తి దణ్ణం పెట్టేవాడనుకుంది టీచరమ్మ, చీకటి పడే వేళ డిపో గోడ వెంట నడుస్తూ. తక్కెడ పళ్ళెం ఎత్తి అడుగు చూడడమంటే అదే. కాకపోతే ఈసారి పళ్ళెంలో ఉన్న సరుకు తనే.

మర్నాడు హాజరు తీస్తూ ఆ పేరు దగ్గర ఆగింది. పుస్తకం మూసి లేచి నిలబడింది. ఆవిడ అలా నిలబడడం పిల్లలు ఎప్పుడూ చూడలేదు.

“పెన్సిలుకి అమ్మమ్మలు ఇద్దరు. ఇద్దరూ పోయారు. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. నేను అడక్కుండా వెక్కిరించాను. మీరంతా నవ్వారంటే ఆ నవ్వు నేను నేర్పిందే. తప్పు నాది.”

ముందుబల్ల మీది పిల్ల లేచి, సందేహంగా, “టీచర్, తను మళ్ళీ రావాలని చెప్తున్నారా? మీ జీతం కోసమా?” అంది.

ఇంకోరోజైతే ఆ పిల్ల చెవి మెలిపడేది. టీచరమ్మ ఆ ముఖంలోకి చూసింది. అందులో తన పోలికే కనపడింది. “నెలాఖరు దాటాక అడుగు. అప్పుడు చెప్తాను” అని కూర్చుంది.

హెడ్మాస్టరు కాగితం ముందుకి తోసినప్పుడు సంతకం పెట్టనంది. ఆయన అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

“ఆ పిల్ల మీకేమవుతుంది?”

“ఏమీ కాదు.”

“డిపోవాళ్ళు ఏమైనా ఇస్తామన్నారా?”

“బస్సులు కడిగేవాళ్ళు ఏమిస్తారు సార్, బస్సు ఇస్తారా?”

ఆయన నవ్వలేదు. ఏ లాభమూ లేకుండా మనిషి నష్టపోతానంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు? ఆ సాయంత్రానికి బడంతా ఆరా టీచరమ్మ మీద ఆరా తియ్యడం మొదలుపెట్టింది. డిపోలో మొగుడికి తాళాల కాంట్రాక్టు ఇప్పిస్తారట అని ఒకరు. లేదు, ఆ పిల్ల దూరపు చుట్టమట అని ఇంకొకరు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నవ్వుల మాస్టారు మాత్రం ఆవిడ కనపడితే వేరే వరండాలోంచి వెళ్ళేవాడు.

నెలాఖరు వచ్చింది, పోయింది. జీతం కోతతో చేతికొచ్చింది. ఇంట్లో చెప్పినప్పుడు మొగుడు తాళం విప్పుతున్న చెయ్యి ఆపి, “నువ్వు చేసింది బాగానే ఉంది, కానీ పెద్దమ్మ కన్ను?” అన్నాడు. అదీ నిజమే. కళ్ళనీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

“అత్తయ్యా” అంది బొంగురుపోయిన గొంతుతో.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒక్కసారే లేచి కదిలారు. మొగుడి తల్లి వచ్చి భుజం పట్టుకుంది. పెద్దావిడ తడుముకుంటూ వచ్చి రెండో భుజం పట్టుకుంది. “ఒక కన్నుతో చూసినా మీ ముఖాలేగా కనపడేది. పెద్దగా నష్టమేం లేదులే కోడలా” అంది.

మర్నాడు బడి వదిలాక టీచరమ్మ డిపో వైపు బయలుదేరింది. దారంతా అనుమానమే. ఆ తల్లి తలుపు తీస్తుందా. తీసినా, ఇంకేదో పరీక్ష పెడుతుందా. అసలు ఆ రోజు ఆ మాట తనని వదిలించుకోవడానికే అన్నదా. జీతం పోయింది, పిల్లా రాకపోతే రెంటికీ చెడ్డ రేవడి కాదా తన బతుకు. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ మీద వేసిన ప్రశ్నలన్నీ ఇప్పుడు తనవెంట నడుస్తున్నాయి.

గుమ్మం దగ్గర తడి బూట్లు ఉన్నాయి. తలుపు తీసే ఉంది. తల్లి నేలమీద కూర్చుని కోటుకి ఊడిన గుండీ కుట్టుకుంటోంది. తలెత్తి చూసింది, సూది ఆగింది.

“లెక్క నిన్నటితో అయిపోయిందిగా?”

“అయిపోయింది.”

“కోత పడిందా?”

“పడింది.”

“మరి ఇవాళ ఏ లాభానికి వచ్చారు?”

టీచరమ్మ దారిలో చాలా జవాబులు తయారుచేసుకుంది. ఒక్కటీ గుర్తురాలేదు. “తెలీదమ్మా. రమ్మన్నారు కదా” అంది.

తల్లి ఆ ముఖంలోకి చూసింది. తక్కెడ ముల్లు నిలబడేదాకా చూసినట్టు చూసింది. తర్వాత పక్కనున్న పీట కాలితో ముందుకి జరిపింది. టీచరమ్మ కూర్చుంది. గోడ అవతల బస్సొకటి మోగి, కిటికీ రెక్కలు వణికి ఆగాయి.

“రేపు పంపిస్తాను. కానీ నాకింకా పూర్తి నమ్మకం లేదు. కొన్నాళ్ళు నేనే తీసుకొచ్చి, కిటికీలోంచి చూసిపోతాను” అంది తల్లి.

“చూడండి. నేనైనా చూసేదాన్ని.”

ఇవాళ కూడా మూల గోడకేసి తిరిగి కూర్చున్న పిల్ల ఇప్పుడు ఇటు తిరిగింది. ముఖం మాత్రం ఇంకా విప్పలేదు. టీచరమ్మని పైనుంచి కిందికి చూసింది. ఆ చూపు ఎక్కడిదో టీచరమ్మకి బాగా తెలుసు. కిటికీ గూట్లో కళ్ళజోళ్ళ పక్కనున్న పెన్సిలు తీసుకుంది పిల్ల. ఒళ్ళో లేని హాజరు పుస్తకం తెరిచినట్టు ఎడమచెయ్యి చాపింది. అరచేతి మీద పెన్సిలు మొన ఆనించి, అచ్చం టీచరమ్మలాగే గొంతు సాగదీస్తూ పిలిచింది.

“ఆరా టీచరమ్మా...”

తల్లి గతుక్కుమని పిల్ల వైపు చూసింది. టీచరమ్మ పీట మీంచి లేచింది. పమిట సర్దుకుని, ముఖం కనపడేలా నిటారుగా నిలబడింది.

“వచ్చాను” అంది.

పిల్ల ఆ ముఖాన్నీ ఆ గొంతునీ సరిచూసుకుంది. రెండూ ఒకరివే అని తేల్చుకున్నాక అరచేతి మీద పెన్సిలుతో ఒక గీత గీసింది.